పదో సంతకం

ఆ ఆసుపత్రి ఐటీ విభాగంలో ఆవిడకి కన్నవాళ్లు పెట్టిన పేరు జీతం స్లిప్పు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. అందరికీ ఆవిడ అడ్డుపుల్ల. మొదట్లో చాటుగా అనేవాళ్లు, తర్వాత మొహం మీదే అన్నారు, ఆ తర్వాత ఆవిడే ఫోనెత్తి "ఆఁ, అడ్డుపుల్లని, చెప్పండి" అనడం మొదలుపెట్టింది. అలవాటు పడితే వెక్కిరింత కూడా హోదాలాగే ఉంటుంది.

ఆవిడ ఉద్యోగం ఏమిటంటే, ఆసుపత్రి కంప్యూటర్లలోకి ఏ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ రాబోయినా దాన్ని గుమ్మం దగ్గర ఆపి, ఎవరు నువ్వు, ఎందుకొచ్చావు, లోపల ఏదైనా పగలగొడితే ఎవరు అతికిస్తారు అని అడగడం. దీనికో కమిటీ ఉంది. విడుదల కమిటీ. పదిమంది సభ్యులు. ప్రతి మంగళవారం కూర్చుంటారు, బిస్కెట్లు తింటారు, ఫైలు మీద పది సంతకాలు పెడతారు. పదీ పడితే వెర్షన్ లోపలికి వెళ్తుంది, ఒక్కటి తగ్గినా బయటే పడుంటుంది. అసలు కాగితమే వాడని ఆసుపత్రిగా మారిపోదామన్న ప్రాజెక్టు కూడా ఈ కాగితాల మీదే, ఈ సిరాతోనే ఆమోదం పొందింది. అందుకు ఎవరికీ నవ్వు రాలేదు.

ఫైలు నలభై పేజీలకి తగ్గదు. దాన్ని పదిమందిలో తొమ్మిది మంది చదవరు. వాళ్లు చెడ్డవాళ్లని కాదు, బద్ధకస్తులని అసలే కాదు. పాపం, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మీటింగుల్లోనే ఉంటారు. కాకపోతే వాళ్లకి కొండంత ధీమా ఒకటుంది. చివరి సంతకం అడ్డుపుల్లది. ఆవిడ ఎలాగూ చదువుతుంది. తేడా ఉంటే ఆవిడ ఆపుతుంది. ఆవిడ ఆపితే మనం విసుక్కుందాం. ఈ నాలుగు ముక్కలే ఆ కమిటీ రాజ్యాంగం.

ఆవిడ నిజంగానే చదివేది. సోమవారమంతా ఎర్ర పెన్నుతో కూర్చునేది. మందుల గది వెర్షన్‌లో సున్నాకన్నా తక్కువ మాత్రలు కూడా ఇవ్వొచ్చని ఉంటే పట్టుకుంది. పిల్లల వార్డు వెర్షన్‌లో తొమ్మిది రోజుల పసిగుడ్డుని పెళ్లయిందా లేదా అని అడిగే గడి ఉంటే పట్టుకుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఫైలు చివర 'వెనక్కి వచ్చే దారి' అని ఒక గడి ఉంటుంది. అంటే కొత్తది బెడిసికొడితే మళ్లీ పాతదాన్ని ఎలా నిలబెడతారని. అందులో ప్రతివాడూ 'అవసరం రాదు' అని రాసేవాడు. ఆవిడ దాన్ని ఎర్రగా కొట్టేసి పక్కన 'వస్తే?' అని రాసేది. పదకొండేళ్లుగా రాస్తూనే ఉంది.

"శుభమా అని పని మొదలెడుతుంటే ఆ మాటేంటండీ!" అనేవారు ఐటీ విభాగానికి అధిపతి అయిన పెద్దసారు. ఆయన మంచి మనిషే. ఆకుపచ్చ రంగంటే ప్రాణం. స్క్రీన్ మీద అన్నీ పచ్చగా కనిపిస్తే ఆయనకి ఆకలి వేస్తుంది, ఎర్రగా ఏదైనా వెలిగితే తలనొప్పి వస్తుంది.

ఇంట్లో ఆవిడకి ఉన్నది అమ్మ ఒక్కతే. నలభై ఏళ్లు బట్టలు కుట్టిన మనిషి. ఇప్పుడు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరి, మిషన్ తొక్కడం మానేసి, చేత్తో కాజాలూ హుక్కులూ కుడుతోంది. సూదిలో దారం ఎక్కించడం మాత్రం చేతకావడం లేదు. రోజూ ఆఫీసుకి వెళ్లేముందు కూతురు ఎనిమిది సూదులకి దారం ఎక్కించి దిండుకి గుచ్చి వెళ్తుంది. ఆ ఎనిమిదీ అయిపోతే అమ్మ పని ఆగిపోతుంది. ఒక్కోరోజు మధ్యాహ్నం రెండింటికే అయిపోతాయి. ఆపైన కూతురు వచ్చేదాకా ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది.

మందుసీసా మీది అక్షరాలు, కరెంటాఫీసు ఉత్తరం, పక్కింటివాళ్లు పంపిన శుభలేఖ, అన్నీ కూతురే చదివి చెప్పాలి. చెప్పాక అమ్మ ఎప్పుడూ ఒకటే మాట. "నువ్వు చదివావుగా, చాల్లే."

కంటి ఆపరేషన్‌కి అమ్మ పేరు రాయించింది ఈ ఆసుపత్రిలోనే. ఇచ్చిన తేదీ ఒకసారి డాక్టరు సెలవు పెట్టారని వాయిదా పడింది. రెండోసారి మిషన్ రిపేరని వాయిదా పడింది. అలా పద్నాలుగు నెలలు గడిచాయి. వాయిదా పడ్డ ప్రతిసారీ పేరు వెనక్కి జరిగి, ఇప్పుడు లైనులో నంబరు రెండువందల పన్నెండు. వారానికి పదిహేను ఆపరేషన్లు. లెక్కేస్తే ఇంకో మూడు నెలల పైమాటే. ఆసుపత్రి ఉద్యోగి తల్లి కదా, ఓ మాట చెప్పి ముందుకి జరిపించొచ్చు కదా అంటారా? అలా జరిపించే మనిషైతే ఆవిడని అడ్డుపుల్ల అని ఎందుకంటారు.

ఇలా ఉండగా కంటి విభాగం కొత్త వెర్షన్ ఫైలు బల్ల మీదకి వచ్చింది. రాసింది రాకెట్. అతను ప్రోగ్రాములు రాసే జట్టుకి నాయకుడు. ఏ పనైనా అడక్కముందే అయిపోయిందనేవాడు కనుక ఆ పేరు. సోమవారం పొద్దున ఆవిడ ఎర్ర పెన్ను మూత తీసి చదవడం మొదలుపెట్టింది. తొమ్మిదో పేజీలో చెయ్యి ఆగింది. 'ఎక్కువ రోజులు నిరీక్షించిన పేషెంట్లు వరుసలో ముందుకు వచ్చెదరు' అని ఉంది అక్కడ.

ఆవిడ లిస్టు తెరిచి చూసింది. ఏడాదికి మించి ఎదురు చూస్తున్నవాళ్లు పట్టుమని పాతికమంది లేరు. అమ్మ వాళ్లలో ఉంది. అంటే వచ్చే వారమో, ఆ పై వారమో.

ఇంకా ముప్పై రెండు పేజీలున్నాయి. ఆవిడకి తన సంగతి బాగా తెలుసు. చదివితే ఏదో ఒకటి దొరుకుతుంది. దొరికితే ఆపాలి. ఆపితే రాకెట్ మళ్లీ రాసి తెచ్చేసరికి నెల, అందులో ఇంకోటి దొరికితే ఇంకో నెల. ఎనిమిది సూదులు గుర్తొచ్చాయి. ఆవిడ పెన్నుకి మూత పెట్టి ఫైలు మూసేసింది. పదకొండేళ్లలో మొదటిసారి ఆ సోమవారం మధ్యాహ్నం ఆవిడకి చేయడానికి పనేమీ లేకపోయింది.

మంగళవారం కమిటీలో తొమ్మిది సంతకాలూ పడి ఫైలు ఆవిడ ముందుకొచ్చింది. అందరూ కుర్చీల్లో వెనక్కి వాలారు, అడ్డుపుల్ల పడే వేళయిందని. వెనక్కి వచ్చే దారి గడిలో 'అవసరం రాదు' అని యథాప్రకారం ఉంది. ఆవిడ దాన్ని చూసింది, చూడనట్టు పేజీ తిప్పేసింది, సంతకం పెట్టేసింది.

గదిలో ఒక్క క్షణం బిస్కెట్ నమిలే చప్పుడు కూడా ఆగిపోయింది.

"ఆవిడే ఏమీ అనలేదంటే ఇక ఇది మేలిమి బంగారమన్నమాటే!" అన్నారు పెద్దసారు. రాకెట్ లేచి చేతులు జోడించాడు. తేలు కుట్టిన దొంగలా ఆవిడ నవ్వీ నవ్వనట్టు నవ్వింది.

ఇంటికొచ్చి, "అమ్మా, నీ ఆపరేషన్ వచ్చేవారమే కావచ్చే" అంది.

"నిజంగానా? మళ్లీ వాయిదా అంటారేమో!"

"ఈసారి అనరు. కొత్త వెర్షన్ వస్తోంది. ముందునుంచీ ఎదురు చూస్తున్నవాళ్లకే ముందు."

"నువ్వు చదివావుగా?"

"ఆఁ" అంది కూతురు, వంటగదిలోకి వెళ్తూ. మొహం చూస్తే అబద్ధమని తెలిసిపోయేదే. కానీ అమ్మకి మొహాలు కనపడి ఏడాది దాటింది.

విడుదల గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకి, అందరూ భోజనాలకి వెళ్లే వేళ. ఒకటీ నలభైకల్లా స్క్రీన్ మొత్తం పచ్చబడింది. చప్పట్లు కొట్టారు. పెద్దసారు వెంటనే ఆసుపత్రి అంతటికీ అభినందనల మెయిల్ పంపి క్యాంటీన్‌కి వెళ్లారు. సాయంత్రం ఆరింటికి ఆరువందల పదకొండు మంది పేషెంట్లకీ కొత్త తేదీలతో మెసేజీలు వాటంతటవే వెళ్లిపోతాయని ఆ మెయిల్‌లోనే ఉంది.

అందరూ వెళ్లాక ఆవిడ కొత్త లిస్టు తెరిచింది. మొదటి పేజీలో అమ్మ పేరు లేదు. రెండో పేజీలోనూ లేదు. కళ్లు పొరబడ్డాయేమోనని మళ్లీ మొదటికి వచ్చింది. చివరికి పేరు కొట్టి వెతికితే దొరికింది. ఆరువందల తొమ్మిది.

అప్పుడు ఫైలు తెరిచింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, పదో పేజీ నుంచి ఒక్కొక్క అక్షరం చదివింది. ముప్పై ఏడో పేజీ, కింద నుంచి మూడో లైను: 'వాయిదా పడిన పేషెంట్లు కొత్తగా నమోదైనవారిగా పరిగణింపబడి, వారి నిరీక్షణ దినములు సున్నా నుండి లెక్కింపబడును.' ఆసుపత్రి తన అవసరం కొద్దీ వెనక్కి పంపినవాళ్లు ఎనభై ముగ్గురు. అందరికన్నా ఎక్కువ రోజులు కాచుకుని కూర్చున్న ఆ ఎనభై ముగ్గురూ వరసగా అట్టడుగున ఉన్నారు. పేర్ల పక్కన వయసులు చూసింది. డెబ్బై ఆరు. ఎనభై ఒకటి. అరవై తొమ్మిది. సోమవారం చదివుంటే రెండు నిమిషాల్లో పట్టుకునేది. కంచే చేను మేస్తే ఇక ఎవరికి చెప్పుకోవాలి!

రాకెట్‌ని పిలిచి చూపించింది. అతను చదివి, "తప్పేం లేదు కదా మేడం, ఫైల్లో ఉన్నట్టే చేశాం" అన్నాడు. తర్వాత మెల్లిగా, "మీరు సంతకం కూడా పెట్టారు" అన్నాడు. అతని గొంతులో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అయోమయం ఉంది. ఇన్నేళ్లూ అతను కూడా తను రాసింది తను చదివేవాడు కాదు, ఆవిడ చదువుతుందని.

క్యాంటీన్‌లో పెద్దసారు పెరుగన్నం దగ్గరున్నారు. అంతా విన్నారు. "సిస్టమ్ ఆగిందా?" అని అడిగారు.

"లేదు సార్."

"ఎర్రగా ఏమైనా వెలిగిందా?"

"లేదు సార్. కానీ..."

"మరి ఇంకేంటమ్మా? విడుదల విజయవంతం. మెయిల్ కూడా పంపేశాం. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే విఫలం అని రాయాలి. నేను వచ్చాక ఈ విభాగంలో విఫలం అన్న మాటే రాయలేదు." ఇంకో ముద్ద తిని, గొంతు తగ్గించారు. "పైగా లిస్టులో మీ అమ్మగారి పేరుంది. రేపు నలుగురూ ఏమంటారు? తల్లి కోసం వెర్షనే తీయించేసింది అనరూ?"

ఆయనకి తెలియని సంగతేమిటంటే, తల్లి కోసం చేయాల్సిందంతా ఆవిడ మంగళవారమే చేసేసింది. ఇప్పుడు పాత లిస్టు వస్తే అమ్మకి దక్కేది వచ్చేవారం కాదు, ఆ రెండువందల పన్నెండే.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టు, వెళ్లబోతుంటే ఆయన, "సాయంత్రం గ్రూప్ ఫొటో ఉంది, మర్చిపోకండి" అన్నారు.

అక్కణ్ణుంచి ఆవిడ తిన్నగా సర్వర్ల గదికి వెళ్లింది. ఆ గది చూసుకునే ఆయన్ని ఆసుపత్రంతా బాబాయి అంటారు. ఎండాకాలం కూడా మఫ్లర్ చుట్టుకుని ఉంటాడు, గది చల్లగా ఉంటుందని.

"బాబాయ్, ఈసారి నేను అడగలేదు. పాత కాపీ లేదు కదూ?"

"నువ్వడగలేదా? అదేంటి! ప్రతిసారీ అడుగుతావుగా అని పన్నెండున్నరకే తీసి పెట్టాను" అన్నాడాయన. "ఇదిగో, ఈ డిస్కులో ఉంది. పది నిమిషాల పని. సంతకాలు తీసుకురా."

ఆవిడ స్టూలు మీద కూలబడింది. ఏడుపొచ్చింది, ఏడ్చింది కూడా. బాబాయి మఫ్లర్ సర్దుకుంటూ గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. కాసేపయ్యాక, "పెద్దసారు వెనక్కి అంటే ఒప్పుకోరు బాబాయ్" అంది.

"అయితే వెనక్కి అనకు. ముందుకి అను. ఇప్పుడు నడిచేది ఎనిమిదో వెర్షన్ కదా, పాతదానికి ఎనిమిది పాయింట్ ఒకటి అని పేరు పెట్టు. ఒక్కరోజులో రెండు విడుదలలు! ఆయనకి ఇంతకన్నా కావలసిందేముంది?"

ఆవిడ బల్ల దగ్గరికి వచ్చి కొత్త ఫైలు తయారుచేసింది. నలభై పేజీలు కాదు, ఒక్కటంటే ఒక్క పేజీ. పైన 'మరింత స్థిరమైన వెర్షన్ 8.1 విడుదల' అని రాసింది. కింద 'కారణం' అన్న గడిలో మాత్రం ఒక్క ముక్క కూడా దాచలేదు. 'వెర్షన్ 8 ఫైలును మేము పదిమందిమీ చదవకుండా సంతకం చేశాము. చివరి సంతకం చేసిన నేను, మా అమ్మకు మేలు జరుగుతుందన్న ఆశతో కావాలనే చదవలేదు. దీనివల్ల ఎనభై ముగ్గురు పేషెంట్లకు అన్యాయం జరిగింది. కనుక పాత వరుసనే తిరిగి పెట్టుచున్నాము.' వెనక్కి వచ్చే దారి గడిలో, 'ఇదే' అని రాసింది.

అప్పటికి నాలుగూ పది. ఆవిడ మెట్లెక్కుతూ దిగుతూ ఒక్కొక్కరి గదికీ వెళ్లింది.

మొదటాయన ఫోన్‌లో ఉన్నాడు. భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని సంతకం పెట్టేశాడు. రెండో ఆవిడ, "నువ్వు చదివావుగా?" అంది. "చదివాను. మీరు కూడా చదవండి, ఒక్క పేజీయే, ఇందులో మీ గురించీ ఉంది" అంది అడ్డుపుల్ల. "మంచిగానే రాసుంటావులే" అని నవ్వి పెట్టేసింది. మూడో ఆయన లిఫ్టు కోసం నిలబడి గోడకి ఆనించి పెట్టాడు. ఆరో ఆయన కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాడట, వేలు పెట్టి చోటు చూపించమన్నాడు. అందరికీ చదవమని చెప్పింది. ఇద్దరికైతే బతిమాలినట్టే చెప్పింది. ఒకరు "ఏంటమ్మా ఇవాళ కొత్తగా!" అని చిన్నబుచ్చుకున్నారు కూడా.

చివరికి పెద్దసారు. శీర్షిక ఒక్కటే చదివారు. మొహం వెలిగిపోయింది. "ఒకే రోజు రెండోదా! చూశారా, మీరు అడ్డు తప్పుకుంటే ఈ విభాగం ఎలా పరుగెడుతుందో!"

"సార్, కారణం కూడా ఒక్కసారి చదవండి."

"మీరు చదివారుగా" అని, అందరికన్నా పెద్ద సంతకం ఆయనే పెట్టారు.

ఐదూ నలభై ఐదుకి బాబాయి పాత కాపీ పెట్టాడు. ఆరింటికి ఎవరికీ ఏ మెసేజీ వెళ్లలేదు. గ్రూప్ ఫొటోలో పదిమందీ ఉన్నారు, తొమ్మిది మంది నవ్వుతున్నారు.

నెల తర్వాత తనిఖీవాళ్లు వచ్చి ఫైళ్లన్నీ పరిశీలించారు. ఆ ఒక్క పేజీనీ తీసి చూశారు. ఆవిడ ఊపిరి బిగబట్టి నిలబడింది. తనిఖీ అధికారి వేలితో సంతకాలు లెక్కపెట్టి, "పది. సరిపోయాయి" అని టిక్కు కొట్టాడు.

కానీ అమ్మకి ఆ గురువారమే చెప్పేసింది. దీపాలు పెట్టే వేళకి ఇంటికొచ్చేసరికి, ఖాళీ అయిపోయిన ఎనిమిది సూదులూ ఒక పక్కకి గుచ్చి, అమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"వచ్చేవారం కాదే అమ్మా. నేను చదవలేదు. చదివానని అబద్ధం చెప్పాను."

అమ్మ, "కళ్లు పోయింది నాకనుకున్నానే, నీకన్నమాట" అంది. అని, చెయ్యి చాచి సూదుల దిండు కూతురికేసి తోసింది. "కానీ, నాలుగు ఎక్కించు. ఆ కాజాలు రేపు ఇచ్చేయాలి."

రాకెట్ ముప్పై ఏడో పేజీ మార్చి తెచ్చాడు. ఈసారి ఆవిడ రెండు సోమవారాలు చదివింది, ఎర్ర సిరా అయిపోతే ఇంకో పెన్ను తెచ్చుకుంది, మూడుసార్లు వెనక్కి పంపింది. రాకెట్ ఈసారి నెల పట్టకుండా వారంలోనే సరిచేసి తెచ్చేవాడు. అందరూ విసుక్కున్నారు. ఏడో వారానికి వెర్షన్ లోపలికి వెళ్లింది, ఎనభై ముగ్గురూ ముందుకొచ్చారు. అమ్మది పంతొమ్మిదో నంబరు.

ఆపరేషన్ రోజు కంటి విభాగం వరండాలో కుర్చీల వరస. అందరి ఒళ్లోనూ తలో ఫారం. నర్సు అమ్మ చేతికి నాలుగు పేజీలూ ఒక పెన్నూ ఇచ్చి, చివర్న వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ సంతకం పెట్టేయండమ్మా. మామూలు ఫారమే, అందరూ పెట్టేస్తారు."

"ఎక్కడే?" అంది అమ్మ, పెన్ను గాల్లో పట్టుకుని.

"ఆగమ్మా" అంది కూతురు. "నాలుగు పేజీలుంది. ముందు చదువుతాను, విను."

"అమ్మా, లోపల డాక్టరుగారు ఎదురు చూస్తున్నారు" అంది నర్సు, గడియారం చూసుకుంటూ.

అమ్మ పెన్నుకి మూత పెట్టి ఒళ్లో పెట్టుకుంది. "చదవనీ తల్లీ. పదహారు నెలలు నేను చూశాను, పది నిమిషాలు ఆయన్ని చూడమను."

కూతురు మొదటి లైను నుంచి మొదలుపెట్టింది. రెండో పేరా దగ్గరికి వచ్చేసరికి వెనక కుర్చీలో ఉన్న ఎనభై ఏళ్ల ముసలాయన ముందుకి వంగి, ఆవిడ భుజం మీద తట్టాడు.

"కాస్త గట్టిగా చదువమ్మాయ్. మా అందరిదీ అదే ఫారం."